చోళ్లు తూచిన త్రాసు

1968 జూన్ 17, సోమవారం. ఆ మధ్యాహ్నం పొలం గట్టు మీద అందరూ చోడి అంబలి తాగారు. నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, కాల్చిన ఎండుమిరపకాయ. అంబలి అయ్యాక ఎవరో పనసకాయ కోశారు. నేను మాత్రం ఏమీ తినలేదు. అప్పటికి అరగంట క్రితమే చెక్కపెట్టెలోంచి, గడ్డి దులిపి, నన్ను బయటికి తీశారు. నేను ఒక త్రాసును.

పుట్టింది కలకత్తాలో, ఒక ఇరుకు సందులోని కార్ఖానాలో. నన్ను చేసిన ముసలాయన మాటలు నాకు అర్థమయ్యేవి కావు. ఆయన వేళ్లు అర్థమయ్యేవి. నా ఇత్తడి దండెకు సరిగ్గా నడిమధ్యన ఒక ఉక్కు కత్తి అంచు ఉంటుంది. నా బతుకంతా ఆ అంచు మీదే ఆని ఉంటుంది. ఆ అంచును ఆయన పదకొండు రోజులు అరగదీశాడు. అరగదీసి, ఖాళీ పళ్లేలు వేలాడదీసి, ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసేవాడు. సున్నా దగ్గర ఆగకపోతే నన్ను తిట్టేవాడు కాదు, మళ్లీ ఆకురాయి తీసుకునేవాడు. లోకంలోకి వచ్చేముందు అంత ఓపిక గల మనిషి చేతుల్లో పడడం నా అదృష్టం. అయిదు కిలోల దాకా తూచగలను, గ్రాము తేడా వచ్చినా దాచుకోలేను. నాతోపాటు ఒక మఖమలు పెట్టెలో పదిహేను ఇత్తడి తూనికరాళ్లు కూడా బయల్దేరాయి. రెండు రోజులు రైల్లో, ఆపైన ఎడ్లబండిలో, మేం కలిసే వచ్చాం.

వచ్చిన చోటు నాగావళి నదికి కాస్త ఎగువన ఉన్న పెదరెల్లిపాడు అనే చిన్న వ్యవసాయ పరిశోధన క్షేత్రం. అక్కడ పండించి పరీక్షించేది చోళ్లు. మీ వైపు రాగులంటారేమో. నన్ను తెప్పించింది పేడాడ భాస్కరం గారు, అప్పుడు ముప్పై రెండేళ్ల శాస్త్రజ్ఞుడు. నన్ను గదిలో రాతిబల్ల మీద నిలబెట్టి, ఏం తూద్దామా అని చుట్టూ చూశారు. పొలం పనుల ఆడవాళ్లకు పెద్ద అసిరమ్మ. ఆవిడ గుమ్మంలోంచి ఒక గిన్నె అందించింది. "ఇయి తూయండి బాబూ. మీ ఇంటి అమ్మగోరికి ఎట్టినాను. ఎంత ఎట్టినానో నాకూ తెలుస్తాది."

అవి పనసతొనలు, పది. నాలుగు వందల పన్నెండు గ్రాములు. భాస్కరం గారు పుస్తకంలో రాసుకున్నారు. గంట పోయాక మళ్లీ తూచారు. నాలుగు వందల తొమ్మిది. మూడు గంటలకు మళ్లీ తూచారు. నాలుగు వందల అయిదు.

"సెడిపోయినాది," అంది అసిరమ్మ, నా వైపు జాలిగా చూస్తూ. "కొత్తదే గదా బాబూ. డబ్బులు తిరిగిచ్చేత్తారా?"

"తొనలు ఎవరైనా తిన్నారేమో," అన్నారు భాస్కరం గారు.

"నెక్కెట్టండి. పదీ ఉన్నాయి. నా మీదెందుకు పడతారు?"

ఆయన నవ్వి, ఒక రూపాయి బిళ్లను నా పళ్లెంలో వేసి గంట గంటకూ మూడుసార్లు తూచారు. మూడుసార్లూ ఒకటే వచ్చింది. ఒక తొనను తడిగుడ్డలో చుట్టి, ఇంకో తొనను కిటికీ దగ్గర ఎండలో పెట్టి, సాయంత్రం రెంటినీ తూచారు. గుడ్డలోది దాదాపు అలాగే ఉంది. ఎండలోది తగ్గింది. "చెడింది త్రాసు కాదు అసిరమ్మా. తొనల్లో నీరు ఆరిపోతోంది," అన్నారు.

ఆ ఒక్క రోజులో పరిశోధన అంటే ఏమిటో నాకు చాలావరకు అర్థమైంది. ఏదో తేడా కనిపించింది. ఎందుకని అడిగారు. మూడు కారణాలు ఊహించారు: త్రాసు చెడింది, ఎవరో తిన్నారు, నీరు ఆరింది. ఒక్కొక్క ఊహ తప్పయితే ఎలా బయటపడుతుందో ఆ పరీక్ష పెట్టారు. ఎండలో తొన ఒక్కదాన్నే తూచి ఊరుకుంటే సరిపోయేది కాదు, పక్కన తడిగుడ్డలో దానికి జత ఉండాలి. చివరికి నిలబడ్డ ఊహను పుస్తకంలో రాసి, దాని కింద "మరొకరు కూడా చూడవలెను" అని రాసి గీత గీశారు. ఆ తరవాత నేను చూసిన పెద్ద పరిశోధనలు ఏవీ ఇంతకంటే వేరుగా లేవు. పనసతొనల బదులు వేరేవి పెట్టారు, అంతే.

ఆ సాయంత్రమే ఒక నియమం పుట్టింది. అసిరమ్మ పోతూ పోతూ తలుపు దబాలున వేసింది. నా ముల్లు అదిరిపడి చాలాసేపు ఊగింది. భాస్కరం గారు తలుపు తీసి, "అసిరమ్మా, ఈ అదురుకు త్రాసు అంచు చెడిపోతుంది. ఇకమీదట ఈ తలుపు చంటిపిల్ల నిద్రపోయే గది తలుపులాగా వెయ్యాలి," అన్నారు. ఆ రోజు నుంచి ఆవిడ చేతిలో ఆ తలుపు చప్పుడు చెయ్యలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. భాస్కరం గారు ఏడేళ్లుగా రెండు చోడి రకాలను కలిపి, వాటి సంతానంలో మంచివి ఏరుతూ, ఒక కొత్త రకం తయారుచేసుకున్నారు. దానికి పేరు లేదు, పధ్నాలుగో నంబరు. మెట్టభూముల రైతు వేసే నాటు చోడి కన్నా అది ఎక్కువ పండితే, పై కమిటీకి పంపి, విత్తనం ఊళ్లకు ఇవ్వవచ్చు. పండకపోతే ఏడేళ్లు పోయినట్టు. పండుతుందో లేదో చెప్పవలసింది నేను.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను. పొలంలో నాలుగు వరుసలు. వరుసకు ఆరు చిన్న మళ్లు. ఆరు మళ్లలో ఆరు రకాలు, వాటిలో నాటు చోడి ఒకటి. అది లేకపోతే దేనికన్నా ఎక్కువో చెప్పలేం. ఏ మడిలో ఏ రకం వెయ్యాలో మనిషి ఎంచకూడదు, చీటీ ఎంచాలి. మనిషి ఎంచితే తనకిష్టమైనదాన్ని మంచి నేలలో పెడతాడు. తెలిసి పెట్టడు, చెయ్యే అటు పోతుంది. నాలుగు వరుసలు ఎందుకంటే, ఒకచోట బాగా పండటం అదృష్టం కావచ్చు. నాలుగు చోట్ల పండితే అదృష్టం అనడం కష్టం. మొదటి మూడు వరుసలు ఎర్రనేల. నాలుగోది వాగుకు దగ్గర, ఇసక నేల. అక్కడ ఏది వేసినా పంట తగ్గేది.

ఆ కోతల్లో భాస్కరం గారి భార్య సీతారత్నం గారు రోజూ క్యారేజీ తెచ్చేవారు. ఆయన అంకెలు చదివితే ఆవిడ శుభ్రమైన దస్తూరీతో పుస్తకంలో ఎక్కించేవారు. నాలుగో వరుస దగ్గరికి వచ్చేసరికి కలం ఆపి, "ఏమండీ, ఈ వరుసకి ఎప్పుడూ జబ్బేనా?" అనేవారు. ఆయన, "జబ్బు కాదు, ఇసక," అనేవారు. ప్రతి రకం దగ్గరా ఇదే మాట, ఇదే జవాబు. ఇద్దరికీ అది విసుగనిపించేది కాదు. నేను అంకెలు ఇచ్చినందుకు నాకు కూడా అందులో కొంచెం వాటా ఉందని అనుకునేవాణ్ణి.

ఆ మొదటి ఏడు పధ్నాలుగో నంబరు మూడో స్థానంలో వచ్చింది. ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. ప్రతి సంచినీ మూడేసి సార్లు తూచారు. నా పళ్లేలు తుడిచారు. రాళ్లను తుడిచారు. అయినా మూడోదే. "ఒక్క ఏటి వానతో తేలదు, ఇంకా రెండేళ్లు చూడాలి," అన్నారు. ఆ మాట నిజమే. మొదటి స్థానం వచ్చి ఉంటే మూడేసి సార్లు తూచేవారా అన్నది నా అనుమానం.

మరుసటి వేసవిలో సీతారత్నం గారు పోయారు. పది రోజుల జ్వరం. ఆ పది రోజులూ, ఆపైన కర్మ జరిగిన రోజులూ గది తాళం తియ్యలేదు. అన్నీ అయిన మర్నాడు పొద్దున్న ఆయన వచ్చి, నా దుమ్ము తుడిచి, దండెను పైకి లేపే మీట ఎత్తి, సున్నా చూసి, మళ్లీ మీట దించి, కుర్చీలో కూచున్నారు. తూచడానికి ఏమీ లేదు. రోజూ అలాగే చేశారు. మనుషులు దుఃఖంలో ఏదో ఒకదాన్ని సరిగ్గా ఉంచుకోవాలని చూస్తారు కాబోలు. ఆయన నన్ను ఎంచుకున్నారు. అందుకు నేను ఇవాళ్టికీ కృతజ్ఞుణ్ణి.

ఆ ఏడు పధ్నాలుగో నంబరు మొదటి స్థానంలో వచ్చింది. మామూలు మొదటి స్థానం కాదు, చాలా ముందుంది. ఒక్కో సంచి ఒక్కసారే తూచారు. ఆయన ముఖంలో చాలా నెలల తరవాత వెలుగు చూశాను. గుమ్మంలో నిలబడ్డ అసిరమ్మ ఆ ముఖాన్ని చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఎప్పటిలాగే తలుపు నెమ్మదిగా చేరవేసి వెళ్లింది. నాకు ఏ అనుమానమూ రాలేదు. నా పని తూచడమే కదా.

మూడో ఏడు, 1970 నవంబరు. కమిటీకి కాగితం పంపడానికి పాతిక రోజుల గడువు. ఆయనే తూచి, ఆయనే పైకి చదివి, ఆయనే రాసుకుంటున్నారు. "పధ్నాలుగు. మొదటి వరుస, మూడు కిలోల ఆరువందల పది. రెండో వరుస, మూడు ఆరువందల నలభై. మూడో వరుస, మూడు అయిదువందల తొంభై." నాలుగో సంచి పెట్టారు. "నాలుగో వరుస, మూడు ఆరువందల ఇరవై."

కలం ఆగింది. ఆయన పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగారు. అక్కడ నుంచి రావలసిన ప్రశ్న రాలేదు. ఆవిడ లేరు కాబట్టి రాలేదనుకున్నాను. కాసేపటికి ఆయనే మెల్లగా అన్నారు, "దీనికి జబ్బు ఏదీ?"

నిజమే. మిగతా అయిదు రకాలూ నాలుగో వరుసలో ఒక్కొక్కటి ముప్పాతిక కిలో దాకా తగ్గాయి. పధ్నాలుగో నంబరుకు ఇసక నేల తగిలినట్టే లేదు.

ఇలాంటి అంకె చూసి ఎగిరి గంతేసేవాళ్లు చాలామంది ఉంటారు. అదేపనిగా కావాలని కోరుకున్న అంకె అది. ఆయన మాత్రం ముందు నన్ను అనుమానించారు. ఎడమ పళ్లెంలో సంచి పెట్టి తూచి, తరవాత రాళ్లను ఎడమకూ సంచిని కుడికీ మార్చి తూచారు. రెండుసార్లూ ఒకటే. అంటే నా చేతులు సమానమే. తరవాత గింజల్లో తేమ చూశారు. ఎండబెట్టి మళ్లీ తూచారు. తేడా లేదు. నేను తప్పుకున్నాను, గింజలు తప్పుకున్నాయి. మిగిలింది పొలం. మర్నాడు ఆయన వెళ్లి నాలుగో వరుసలో పధ్నాలుగో నంబరు మడి మట్టిని గుప్పెడు తెచ్చి, కాగితం మీద పరిచారు. ఇసకలో నల్లగా, చిన్న చిన్న ఉండలు. మేక గత్తం, అంటే మేకల ఎరువు. ఆ పరీక్షలో ఏ మడికీ గత్తం వెయ్యకూడదు.

అసిరమ్మను పిలిచారు. ఆవిడ కాగితం మీదున్న మట్టిని చూసింది.

"ఎవరు వేశారు?" అన్నారు ఆయన. గొంతులో కోపం లేదు.

"నానే ఏసినాను."

"ఒక్క మడికేనా?"

"నాలుగు వరసల్లోనూ, బాబు చోడి ఉన్న మడికే. మడి ముందు పాతిన సెక్క పేడు మీద రాసుంటాది గదా. నాకు సదువు రాదు గానీ, ఒకటి పక్కన నాలుగు ఎలగుంటాదో తెలుసు." మళ్లీ తనే, "వాన మొకం సాటేసినప్పుడు నూతి నీలు కూడా పోసినాం. మా ఆడోలందరం. తెల్లారగట్ట వచ్చి. పోయినేడు, ఈ ఏడు."

"ఎందుకమ్మా?"

అసిరమ్మ గుమ్మం వైపు చూస్తూ చెప్పింది. "అమ్మగోరు పోయినాక బాబు అన్నం సరిగ్గా తింటన్నారా? మాట నేదు, నవ్వు నేదు. బాబు చోడి గెలిత్తే బాబు నవ్వుతారని... మరేటి సెయ్యమంటారు? మా సేతిలో ఉన్నదదే గదా."

నా పళ్లేల్లో ఏమీ లేదు. అయినా చాలా బరువు మోస్తున్నట్టే అనిపించింది. రెండేళ్లుగా నేను తూచింది చోళ్లను కాదని ఆ రోజు తెలిసింది. నేను తూచింది వాళ్ల జాలిని. దాన్ని గ్రాములతో సహా సరిగ్గానే తూచాను, పేరు మాత్రం తప్పుగా రాశారు.

"తప్పు నాది," అన్నారు భాస్కరం గారు. "ఏ పనికైనా ఎందుకో చెప్పాలి. తలుపు నెమ్మదిగా వెయ్యమన్నప్పుడు ఎందుకో చెప్పాను. గత్తం ఎందుకు వెయ్యకూడదో చెప్పలేదు. పేడు మీద నంబరు రాసి మీ ముందే పెట్టాను." తరవాత, "నవ్వాను కదా, పోయినేడు. దానికి మాత్రం రుణపడి ఉన్నాను," అన్నారు.

వారం తరవాత పై అధికారి జీపులో వచ్చారు. సంగతి అంతా విని, కుర్చీ వెనక్కి వాల్చి కూచున్నారు.

"ఎవరికి తెలుసయ్యా భాస్కరం? మట్టి చూసేవాడెవడు? పంపించెయ్. రెండేళ్లు ముందుంది, అదే కదా వాళ్లకు కావలసింది."

"అసిరమ్మకు తెలుసండి."

"పనిమనిషి మాట కమిటీ వింటుందా?"

"కమిటీ సంగతి కాదండి. రేపు ఈ విత్తనం చూసి మెట్టరైతు నాటు చోడి మానేస్తాడు. వాడి పొలానికి తెల్లారగట్ల గత్తం తెచ్చి పోసేవాళ్లు ఎవరూ ఉండరు. వాడి మీద ఎవరు జాలిపడతారు?"

అధికారి కాసేపు ఆయన్నే చూసి, "నువ్వు బాగుపడవయ్యా," అన్నారు. వెళుతూ వెళుతూ నా చుట్టూ ఉన్న అద్దాల పెట్టె తలుపు మీద వేలితో తట్టారు. ఆ చనువు నాకు బాగానే అనిపించింది.

భాస్కరం గారు పుస్తకంలో రెండేళ్ల అంకెలనూ చెరపలేదు. చింపలేదు. వాటి మీద ఒక్క సన్నని అడ్డగీత గీసి, పక్కన కారణం రాశారు. అంకెలు గీత కింద కూడా చదువుకోవచ్చు. తప్పును దాచకుండా కొట్టివెయ్యడం ఎలాగో నేను అక్కడే చూశాను. ఆ పుస్తకంలో అంతకంటే విలువైన పేజీ మరొకటి లేదు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి పేళ్ల మీద నంబర్లు లేవు. ఊరి పోస్టుమాస్టరు గారిని బతిమాలి తీసుకొచ్చారు. ఆరు విత్తనపు సంచులు ఆయన చేతికిచ్చి, భాస్కరం గారూ అసిరమ్మా బయటికి వెళ్లి నిలబడ్డారు. పోస్టుమాస్టరు గారు సంచులు కలగలిపి, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ గీశారు. చేప, గొడుగు, దువ్వెన, కొడవలి, దీపం, కుండ. ఏ బొమ్మ ఏ రకమో ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, పోస్టాఫీసు లక్కతో ముద్ర వేసి, దాన్ని నా పీట కింద సొరుగులో పెట్టి తాళం వేశారు. తాళంచెవి జేబులో వేసుకుని, "నా సర్వీసులో ఇంత తేలిక కవరుకు ఇంత బందోబస్తు ఎప్పుడూ చెయ్యలేదండి," అంటూ వెళ్లిపోయారు. అలా రెండేళ్లపాటు ఒక రహస్యం మీద కూచున్నాను. నాకూ తెలియదు. సుఖంగానే ఉండేది.

ఏ మడిలో ఏ బొమ్మ నాటాలో అసిరమ్మే చెంబులోంచి చీటీలు తీసింది. తన ఆడవాళ్లందరినీ గట్టు మీద కూచోబెట్టి చెప్పింది. ఆ మాటలు కిటికీలోంచి విన్నాను. "ఇనండర్రా. ఆరుగురు పిల్లలు. ఏ పిల్ల ఎవురిదో మనకు తెలవదు. ఒకలికి ముద్ద ఎక్కువెట్టినారంటే మిగతా పిల్లల నోట్లో మట్టి కొట్టినట్టే. చేప బాగుందని చేపకి నీలు పోసినారంటే నా సేతిలో అయిపోతారు."

"మరి దువ్వెన ఎండిపోతంటే?" అని ఒకావిడ అడిగింది.

"ఎండిపోనీ. ఎండిపోతాదో నేదో సూడ్డానికే గదా ఏసినాం."

ఒక ప్రయోగశాల గురించి దీనికన్నా స్పష్టంగా చెప్పినవాళ్లను నేను వినలేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. తను పెంచిన రకాన్ని వెన్ను వేశాక, అంటే కంకి పట్టాక, భాస్కరం గారు చూసిన వెంటనే గుర్తుపడతారు. అందుకని వెన్ను పడ్డ రోజు నుంచి కోత దాకా ఆయన పొలంలోకి అడుగుపెట్టలేదు. నెలన్నరపాటు గదిలోనే, కిటికీ వైపు వీపు పెట్టి కూచునేవారు. ఏడేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న పైరును చూడకుండా ఉండడం ఎంత కష్టమో ఆయన కాళ్లను చూస్తే తెలిసేది. కుర్చీ కింద అవి ఊరికే ఉండేవి కావు.

"అసిరమ్మా, నీకూ తెలిసిపోయి ఉంటుందే, ఏది ఏదో," అన్నారు ఒకరోజు.

"తెలుస్తాది బాబూ. సెప్పను." కాస్త ఆగి, "తెలిసినా ఇప్పుడేటి సేత్తాను? ఎన్ను ఏసినాక గత్తం ఏసినా నాబం నేదు. ఆ మాట మీరు ముందే సెప్పుంటే రెండేళ్లు నా నడుం మిగిలేది," అంది. ఆయన పెద్దగా నవ్వారు. గత్తం లేకుండా వచ్చిన మొదటి నవ్వు అది.

రెండు పంటలు తూచాను. 1972లో వాన సరిగ్గా పడలేదు. ఆ డిసెంబరులో ఒక సాయంత్రం, ఆఖరి సంచి తూచి, అంకెలన్నీ బొమ్మల పేరుతో పుస్తకంలో ఎక్కించి, కింద సంతకాలు పెట్టాక పోస్టుమాస్టరు గారు సొరుగు తెరిచారు. లక్క చెక్కు చెదరలేదు. అసిరమ్మ గుమ్మంలో నిలబడింది. ఈసారి ఎప్పటిలా గుమ్మాన్ని ఆనుకోలేదు, కొంగు గుప్పిట్లో పట్టుకుని నిటారుగా నిలబడింది.

"పధ్నాలుగో నంబరు, దువ్వెన," అని చదివారు పోస్టుమాస్టరు గారు.

దువ్వెన మొదటి మూడు వరుసల్లో నాటు చోడికి ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఏడేళ్ల శ్రమకు ఎర్రనేల ఇచ్చిన జవాబు అదే. భాస్కరం గారు తల ఊపారు. తరవాత నాలుగో వరుస చూశారు. మొదటి ఏడు నాటు చోడి రెండు కిలోల రెండువందల పది, దువ్వెన రెండు అయిదువందల ఎనభై. వాన తప్పిన ఏడు నాటు చోడి ఒకటీ ఏడువందల ఇరవై, దువ్వెన రెండూ తొంభై. దానికీ జబ్బు చేసింది. మిగతావాటికన్నా తక్కువ చేసింది.

అంత గొప్ప తేడా కాదు. కానీ అది దాని సొంత తేడా. అంతకుముందు గత్తం కింద అది కనపడకుండా పోయింది. ఆయన రాసింది నాకు గుర్తుంది: "ఇసక మెట్టలకు మాత్రమే పనికివచ్చునట్లు కనబడుచున్నది. వేరొక చోట, వేరొకరు, వేరొక త్రాసుతో చూడవలెను."

అలాగే చూశారు. మూడేళ్ల తరవాత సముద్రం పక్కనున్న ఒక క్షేత్రం నుంచి పోస్టుకార్డు వచ్చింది. అక్కడివాళ్లు భాస్కరం గారిని ఎప్పుడూ చూడలేదు. ఆయన మీద వాళ్లకు జాలీ లేదు, ప్రేమా లేదు. వాళ్ల ఇసకలో కూడా పధ్నాలుగో నంబరే కొంచెం ముందు వచ్చింది. ఆ కార్డును ఆయన నా అద్దానికి ఆనించి రెండు రోజులు ఉంచారు. ప్రేమతో వచ్చిన పెద్ద అంకె కన్నా ఎవరో తెలియని మనిషి రాసిన చిన్న అంకె ఎక్కువ ధైర్యం ఇస్తుందని నేను ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నాను. అయితే మొదటిది లేకపోతే రెండోది రాదు. అసిరమ్మ వేసిన ఆ గత్తం కారణంగానే, ఆ క్షేత్రంలో ఆ తరవాత ఏ పేడు మీదా ఎవరూ రకం పేరు రాయలేదు.

ఆ తరవాత చాలాకాలం పనిచేశాను. 1991లో కరెంటుతో పనిచేసే కాటా వచ్చింది. దానికి అంకెలు ఎర్రగా వెలుగుతాయి, ఊగడం ఉండదు. నేను అసూయపడలేదు. అయితే ఆ నెలలోనే నా తూనికరాళ్ల పెట్టెను మరో క్షేత్రానికి పంపేశారు, అక్కడ రాళ్లు తక్కువ పడ్డాయని. ఇరవై మూడేళ్లు ఒకరి బరువు ఒకరం చెప్పుకుంటూ బతికినవాళ్లం. జత లేకుండా ఉండడం ఎలాగో నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. కళ్ల ముందే ఒక మనిషి ఇరవై ఏళ్లకు పైగా ఉండి చూపించాడు. పొద్దున్నే దుమ్ము తుడుచుకోవాలి, సున్నా సరిచూసుకోవాలి, అంతే.

1994 జూన్ ఆఖరి రోజు భాస్కరం గారు పదవీ విరమణ చేశారు. దండలూ ఉపన్యాసాలూ అయ్యాక ఒక్కరే గదిలోకి వచ్చారు. చేతిలో ఆకుదొన్నె, అందులో పనసతొనలు. నా పళ్లెంలో పెట్టబోయి, రాళ్లు లేవని గుర్తొచ్చి ఆగారు. దొన్నె పక్కన పెట్టి, మీట ఎత్తారు. ఖాళీ పళ్లేలు రెండూ మెల్లగా ఊగి ఊగి నిలిచాయి. ముల్లు సున్నా మీద ఆగింది.

"ఇంకా సరిగ్గానే ఉన్నావు," అన్నారు.

ఉన్నాను. రాళ్లు లేకపోతే తూచలేను గానీ, సున్నా ఎక్కడుందో మరిచిపోలేదు.

అసిరమ్మ వెనకాలే వచ్చింది. అప్పటికి బాగా వంగిపోయింది. "ఒక తొన ఇటియ్యండి బాబూ. ఆరిపోతే బరువు తగ్గిపోద్ది," అంది. ఇద్దరూ నిలబడే తిన్నారు. తరవాత ఆయన మీట దించారు, ఆవిడ తలుపు చేరవేసింది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. నేను అదే గదిలో, అదే రాతిబల్ల మీద ఉన్నాను. మూలన బస్తాలు, గోడకు రైతుల కోసం అతికించిన బొమ్మలు. నన్ను పాత ఇనుము కింద పంపాలని ఒకసారి జాబితాలో రాశారు. ఈ మధ్య వచ్చిన శాస్త్రజ్ఞురాలు మృదుల ఆ పేరు కొట్టేసింది. ఆవిడ కూడా ఒక్క సన్నని గీతే గీసింది, పక్కన కారణం రాసింది: "ఇంకా సున్నా చూపుతోంది."

గది తాళం ఇప్పుడు తవిటమ్మ దగ్గర ఉంటుంది. అసిరమ్మ కోడలు. మొన్న సాయంత్రం తవిటమ్మ తలుపు వేస్తుంటే మృదుల చూసి నవ్వింది.

"అంత నెమ్మదిగా వేస్తావేం తవిటమ్మా? లోపల ఎవరైనా నిద్రపోతున్నారా?"

"మాయత్త అలగే ఎయ్యమన్నాదమ్మా. ఎందుకో నాను అడగనేదు."

మృదుల ఊరుకోలేదు. అందుకే ఆవిడంటే నాకు ఇష్టం. బీరువాలోంచి పాత పుస్తకాలు దింపి, రెండు రోజులు తిరగేసి, 1968 నాటి మొదటి పేజీ పట్టుకుంది. తవిటమ్మను పిలిచి చదివి వినిపించింది. "తలుపు నెమ్మదిగా వేయవలెను. కారణం: అదురుకు త్రాసు అంచు చెడును." తరవాత అడ్డగీతల పేజీ కూడా చదివింది. మేక గత్తం, నూతినీళ్లు, తెల్లవారుజాము, అన్నీ. తవిటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని విన్నది. తన అత్త పేరు ఒక పుస్తకంలో ఉంటుందని ఆవిడకు తెలియదు.

"అయితే అమ్మా," అంది కాసేపయ్యాక, "ఇప్పుడీ తాసుతో ఎవులూ తూయటం నేదు గదా. దబీమని ఏసినా పరవానేదా?"

"పరవాలేదు. కారణం పోయింది కదా. నీ ఇష్టం," అంది మృదుల.

తవిటమ్మ నా వైపు చూసింది. అద్దం మీద దుమ్మును కొంగుతో ఒకసారి తుడిచింది. కిటికీ మూసి, దీపం ఆర్పి, బయటికి నడిచింది. నా ముల్లు ఎదురుచూస్తోంది. ఇది కూడా ఒక పరీక్షే.

తలుపు మెల్లగా వచ్చి చేరింది. ముల్లు కదల్లేదు.